ఏ కీకి ఏ పని? ఎమాక్స్‌లో సొంత షార్ట్‌కట్‌లు

ఎమాక్స్ తెరిచి ‘ఏ’ అనే ఇంగ్లీషు అక్షరం నొక్కితే తెర మీద ఆ అక్షరమే పడుతుంది. అయితే అది దానంతటది పడలేదు. ‘సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్’ అనే కమాండు నడిచి దాన్ని అక్కడ పెట్టింది. ఎమాక్స్‌లో ప్రతి కీ వెనకా ఇలాంటి కమాండు ఒకటి ఉంటుంది. ఏ కీకి ఏ కమాండో రాసి ఉన్న పట్టికకు కీమ్యాప్ అని పేరు. అందులో ఏ గడినైనా మార్చుకోవచ్చు. ‘ఏ’ నొక్కితే ఫైలు సేవ్ అయ్యేట్టు పెట్టుకుంటానన్నా ఎవరూ అడ్డుపడరు. మిగతా ఎడిటర్లలో షార్ట్‌కట్ అంటే మెనూలో ఉన్న పనికి దగ్గరి దారి. ఇక్కడ అక్షరం కొట్టడమూ ఫైలు సేవ్ చేయడమూ ఒకే తంతు.

ఈ గుణం దీనికి పుట్టుకతోనే వచ్చింది. 1970లలో ఎంఐటీ ఏఐ ల్యాబులో టెకో అనే ఎడిటర్ వాడేవాళ్లు. ఏ కీకి కావాలంటే ఆ కీకి మ్యాక్రో తగిలించుకునే వీలు అందులో రావడంతో ఎవరికి వాళ్లు సొంత మ్యాక్రోల కట్టలు తయారు చేసుకున్నారు. ఒకరి కట్టతో పని చేయాల్సొస్తే ఇంకొకరికి ఏ కీ ఏం చేస్తుందో తెలిసేది కాదు. ఆ కట్టలన్నిటినీ ఒక దారికి తెచ్చే పని గై స్టీల్ మొదలుపెడితే, రిచర్డ్ స్టాల్‌మన్ ముందుకు నడిపించారు. అలా 1976లో ఎమాక్స్ తయారైంది. అంటే ఈ ఎడిటర్ పుట్టిందే కీల గొడవ తీర్చడానికి. మనం ఇప్పుడు వాడే గ్నూ ఎమాక్స్ 1985లో బయటికొచ్చింది.

సొంత షార్ట్‌కట్ పెట్టడానికి కావాల్సింది ఒక్క లైను. ఏ కీకి పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అని తేల్చుకోవడమే పని. అందుకే ఈ కథనంలో ఆ లైను కంటే దానికి ముందు చేయాల్సిన వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదట రెండు మాటలు. కంట్రోల్-హెచ్ అంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని హెచ్ కొట్టడం. మెటా అంటే ఇప్పటి కీబోర్డుల్లో ఆల్ట్. ఎస్కేప్ నొక్కి వదిలేసి తర్వాతి కీ కొట్టినా అదే ఫలితం. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. 2023లో వచ్చిన 29వ వెర్షన్ గానీ దాని తర్వాతది గానీ మీ దగ్గర ఉందనుకుంటున్నాను.

ముందు ఎడిటర్‌నే అడగండి

కంట్రోల్-హెచ్ నొక్కి, వదిలి, కె కొట్టండి. ఏ కీ సంగతి కావాలని ఎమాక్స్ అడుగుతుంది. మీకు అనుమానమున్న కీ నొక్కితే దానికున్న కమాండు పేరు, అది ఏ కీమ్యాప్‌లో ఉంది, అదే కమాండుకు ఇంకేమైనా కీలున్నాయా, ఆ కమాండు ఏం చేస్తుంది అన్నవి పక్క కిటికీలో కనిపిస్తాయి. ఈ కథనంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. తర్వాత ఎక్కడ చిక్కు వచ్చినా మందు ఇదే.

తిరగేసి అడగడానికి కంట్రోల్-హెచ్ డబ్ల్యూ ఉంది. కమాండు పేరు ఇస్తే అది ఏ కీ మీద ఉందో చెబుతుంది. ఇది తెలియక జనం ఉన్నవాటినే మళ్లీ తయారు చేస్తుంటారు. కింది లైనును పై లైనుకు అతికించే ఫంక్షను సొంతంగా రాసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మెటాతో పాటు టోపీ గుర్తు, అంటే 6 మీద ఉండే గుర్తు, కొడితే ఎమాక్స్ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. రెండు లైన్లను అటూఇటూ మార్చడానికి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-టి ఉంది.

మరి ఏ కమాండుకు కీ అవసరం? దీనికి నేను చూసే కొలత ఒకటే. మెటా-ఎక్స్ నొక్కి పేరుతో కమాండు నడిపినప్పుడు, దానికి ఇప్పటికే కీ ఉంటే ఎమాక్స్ కింది వరుసలో ఆ సంగతి చెబుతుంది. మీరు రోజూ పేరుతో పిలుస్తున్నా ఎమాక్స్ ఏమీ చెప్పడం లేదంటే ఆ కమాండుకు కీ కావాలి. చెబుతోందంటే మీరు నేర్చుకోవాల్సింది ఆ కీనే, కొత్తది కాదు. కంట్రోల్-హెచ్ ఎల్ నొక్కితే మీరు ఇందాకటి నుంచి కొట్టిన 300 కీలు, వాటి పక్కన కమాండ్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. పని మధ్యలో అప్పుడప్పుడూ ఆ జాబితా చూడండి. బాణం గుర్తు కీ వరసగా పాతికసార్లు నొక్కినట్టు కనిపిస్తే అక్కడ మీకు ఇంకో కమాండు అవసరమన్నమాట.

ఎవరి కీ ఎవరిది

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఖాళీగా కనిపించిన కీని పట్టుకుని పని తగిలిస్తారు. కొన్నాళ్లకు కొత్త ప్యాకేజీ ఏదో వేసుకుంటే ఆ కీ దాని చేతికి పోతుంది. ఎమాక్స్ లోకంలో దీనికి రాతపూర్వకమైన కట్టుబాటు ఉంది. ఎమాక్స్ కమాండ్లు రాసే భాష లిస్ప్; దాని మాన్యువల్‌లోనే ఉంది. కంట్రోల్-సి తర్వాత మామూలు అక్షరం, చిన్నదైనా పెద్దదైనా, వాడుకరికే చెందుతుంది. ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా ఒంటరిగా నొక్కే కీలూ అంతే. ఇవి మీ పేరు మీద పట్టా అయిన భూములు. ప్యాకేజీలు రాసేవాళ్లు వాటిలో అడుగు పెట్టకూడదు. కంట్రోల్-సి తర్వాత అంకె గానీ కంట్రోల్ అక్షరం గానీ వస్తే అది మేజర్ మోడ్‌ది. అంటే పైథాన్ ఫైలుకో ఆర్గ్ ఫైలుకో తగ్గట్టు ఎడిటర్ నడతను మార్చే మోడ్‌ది. మీసాల బ్రాకెట్లు, కోణపు బ్రాకెట్లు, కోలన్, సెమీకోలన్ కూడా దాని ఖాతాలోవే. మిగిలిన విరామ చిహ్నాలు, మేజర్ మోడ్ మీద అదనంగా వేసుకునే మైనర్ మోడ్‌లవి.

లెక్క వేస్తే 26 చిన్న అక్షరాలు, 26 పెద్ద అక్షరాలు, 5 ఫంక్షన్ కీలు, మొత్తం 57. ఎంత పనిమంతుడికైనా ఇవి సరిపోతాయి. నోట్సు, పనుల జాబితాలు రాసుకునే ఆర్గ్ మోడ్ మాన్యువల్, లింకు దాచడానికి కంట్రోల్-సి ఎల్, అజెండాకు కంట్రోల్-సి ఏ, నోట్ రాసుకోవడానికి కంట్రోల్-సి సి పెట్టుకోమని సలహా ఇస్తుంది. సలహాగానే ఇస్తుంది తప్ప తనంతట తాను పెట్టదు. కారణం పై కట్టుబాటే.

ఇంకో నియమం ఉంది. కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-సి లాంటివి ప్రిఫిక్స్ కీలు. వాటి వెనక ఇంకో పట్టిక ఉంటుంది. కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఎస్ మీద సేవ్ కమాండు ఉంది కాబట్టి దాని వెనక ఇంకో అక్షరం చేర్చి కొత్త షార్ట్‌కట్ పెడితే, ‘నాన్-ప్రిఫిక్స్ కీ’తో మొదలైందంటూ ఎమాక్స్ ఒప్పుకోదు. తిరగేసి, కట్ చేయడం అలవాటైన కంట్రోల్-ఎక్స్‌కే నేరుగా కమాండు పెట్టేస్తే ఒప్పుకుంటుంది గానీ, దాని వెనకున్న కుటుంబమంతా పోతుంది. ఫైలు తెరవడం, సేవ్ చేయడం, కిటికీలు మార్చడం, అన్నీ. ఆ అలవాటు వదల్లేనివాళ్లు మెటా-ఎక్స్ నొక్కి ‘సియుఏ-మోడ్’ వేసుకుంటే చాలు. టెక్స్ట్ ఎంచుకుని ఉన్నప్పుడు కంట్రోల్-ఎక్స్ కట్ చేస్తుంది, లేనప్పుడు మామూలుగానే ఉంటుంది.

కంట్రోల్-జిని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. దారి తప్పిన ఏ పనినైనా ఆపేది అదే. కంట్రోల్-హెచ్ విషయంలో అంత పట్టింపు అక్కర్లేదు. దాన్ని బ్యాక్‌స్పేస్‌గా మార్చుకునేవాళ్లున్నారు, సాయం ఎఫ్1 మీద కూడా దొరుకుతుంది.

రాయకముందు వాడి చూడండి

కాన్ఫిగరేషన్ ఫైల్లో ఎక్కించడానికి తొందరపడొద్దు. మెటా-ఎక్స్ నొక్కి ‘కీమ్యాప్-గ్లోబల్-సెట్’ అని కొట్టండి. ఏ కీ అని అడుగుతుంది, నొక్కండి. ఏ కమాండు అని అడుగుతుంది, పేరు ఇవ్వండి. ఈ ఏర్పాటు ఎమాక్స్ మూసేదాకానే ఉంటుంది. రేపు తెరిచినప్పుడు ఆ కీ లేదని మీ వేళ్లు వెతుక్కుంటే అప్పుడు శాశ్వతం చేయండి. వెతుక్కోకపోతే మర్చిపోండి. పెట్టుకుని వాడని షార్ట్‌కట్‌లు కాన్ఫిగరేషన్ ఫైళ్లలో గుట్టలుగా పడి ఉండేది ఈ అంచె దాటేయడం వల్లనే. ఊరివాళ్ల ఫైలు దించుకుని యాభై షార్ట్‌కట్‌లు ఒక్క పూటలో ఎక్కించుకోవడం నా దృష్టిలో దండగ. వాటిలో మీ అవసరం లేదు.

ఒక్క లైను

శాశ్వతం చేసే చోటు ఇనిట్ ఫైలు. హోమ్ డైరెక్టరీలో ‘.ఎమాక్స్’ పేరుతో గానీ, ‘.ఎమాక్స్.డి’ ఫోల్డరులో ‘ఇనిట్.ఈఎల్’ పేరుతో గానీ ఉంటుంది. లేకపోతే మీరే సృష్టించుకోవాలి. ఉన్న లైనుకు కిందే నకలు తీసే ‘డూప్లికేట్-డ్విమ్’ కమాండు తీసుకుందాం. 29వ వెర్షన్‌లో వచ్చింది, దానికి పుట్టుకతో కీ లేదు. టెక్స్ట్ ఎంచుకుని ఉంటే ఆ ముక్కకు నకలు తీస్తుంది, లేకపోతే లైనుకు. దాన్ని ఎఫ్5 మీద పెట్టే లైను ఇది:

(కీమ్యాప్-గ్లోబల్-సెట్ "<ఎఫ్5>" 'డూప్లికేట్-డ్విమ్)

కమాండు పేరు ముందున్న ఒంటి కొటేషన్ గుర్తు మర్చిపోతే నడవదు. అది లేకపోతే ఎమాక్స్ ఆ పేరును వేరియబుల్ అనుకుని విలువ కోసం వెతికి, దొరకలేదని గొడవ చేస్తుంది. కోణపు బ్రాకెట్లు కూడా ముఖ్యమే. పాత పద్ధతిలో అవి మర్చిపోతే ఎఫ్ అక్షరం, దాని వెనక 5 అంకె అని అర్థమయ్యేది. నోరెత్తకుండా తప్పు జరిగేది. కొత్త ‘కీమ్యాప్’ ఫంక్షన్లు అలాంటిది చెల్లదని అక్కడికక్కడే చెప్పేస్తాయి. కంట్రోల్‌కు పెద్ద సి, మెటాకు పెద్ద ఎమ్, షిఫ్ట్‌కు పెద్ద ఎస్, సూపర్‌కు చిన్న ఎస్, ఒక్కొక్కదాని వెనక చిన్న గీత. కంట్రోల్, మెటా రెండూ కావాలంటే సి ముందు, ఎమ్ తర్వాత. క్రమం తప్పితే ఒప్పుకోదు. వరుసగా కొట్టే కీల మధ్య ఖాళీ ఉండాలి.

లైను రాశాక ఎమాక్స్ మూసి తెరవాల్సిన పని లేదు. చివరి బ్రాకెట్ దాటి కర్సర్ పెట్టి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఈ నొక్కండి. ఆ లైను అప్పటికప్పుడు అమలవుతుంది. వెంటనే కంట్రోల్-హెచ్ కె, ఎఫ్5 నొక్కి చూసుకోండి. పాత వ్యాసాల్లో ‘గ్లోబల్-సెట్-కీ’, ‘కెబిడి’ అనే రూపం కనిపిస్తుంది. అదీ నడుస్తుంది, కంగారు పడక్కర్లేదు.

ఉన్న కీని తీసేయాలంటే ‘కీమ్యాప్-గ్లోబల్-అన్‌సెట్’. కిటికీని అదాటున కిందికి పంపేసే కంట్రోల్-జెడ్‌ను చాలామంది ఇలాగే తీసేస్తారు. కానీ ప్రతి చిరాకుకూ కీ మార్చడమే విరుగుడు కాదు. కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-సి పొరపాటున పడి ఎమాక్స్ మూసుకుపోతుంటే ఆ కీని పీకేయకండి. ‘కన్ఫర్మ్-కిల్-ఎమాక్స్’ అనే వేరియబుల్‌కు 'వై-ఆర్-ఎన్-పి అని విలువ ఇస్తే మూసేముందు అవునా కాదా అని అడుగుతుంది.

తెలుగు రాసేవాళ్లకు ఒక కీ

ఉన్న కమాండుకు కీ పెట్టడం అయింది. లేని కమాండు చేసుకోవడం చూద్దాం. తెలుగులో ‘ఫేస్’ తర్వాత ‘బుక్’ కొడితే సకారపు పొల్లు కింద బకారం ఒత్తుగా చేరి ‘ఫేస్బుక్’ అవుతుంది. విడిగా ‘ఫేస్‌బుక్’ అని రావాలంటే మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య మామూలు లెక్కలో 8204, పదహారు ఆధారపు లెక్కలో 200సి. ఎమాక్స్‌లో కంట్రోల్-ఎక్స్ 8 ఎంటర్ నొక్కి, 200సి కొట్టి, మళ్లీ ఎంటర్ నొక్కితే పడుతుంది. సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్, షార్ట్‌కట్ లాంటి మాటలు వచ్చిన ప్రతిసారీ ఇంత తతంగం ఎవరికి ఓపిక? కాబట్టి:

(డిఫన్ తెలుగు-విడదీత ()
  (ఇంటరాక్టివ్)
  (ఇన్సర్ట్-చార్ 8204))
(కీమ్యాప్-గ్లోబల్-సెట్ "సి-సి జెడ్" 'తెలుగు-విడదీత)

గుర్తుంచుకోండి, గీతకు ముందున్న సి పెద్దది, తర్వాతది చిన్నది. ఫంక్షను పేరును మాత్రం ఇక్కడున్నట్టే తెలుగులో రాసినా ఎమాక్స్‌కు అభ్యంతరం లేదు, యూనికోడ్ అక్షరాలతో పేర్లు అది ఒప్పుకుంటుంది. రెండో లైనులోని ‘ఇంటరాక్టివ్’ లేకపోతే అది ఫంక్షను మాత్రమే, కమాండు కాదు. కీ నొక్కగానే ‘కమాండ్‌పి’ అనే మాటతో తప్పు చూపిస్తుంది. మొదటిసారి రాసేవాళ్లు వదిలేసేది సాధారణంగా ఆ లైనునే.

తెలుగు కొట్టేది ఎలా అన్నదీ ఇక్కడ పట్టించుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టుకుంటే ఎక్స్ కీ మీద సున్నా (ం) ఉంటుంది. లినక్స్‌లో ఆ లేఅవుట్‌తో ఉండగా కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఎమాక్స్‌కు అందేది కంట్రోల్-సున్నా; అలాంటి కీ తనకు తెలియదంటుంది. షార్ట్‌కట్‌లన్నీ ఆగిపోతాయి. ఎమాక్స్‌లోనే ఉన్న ఇన్‌పుట్ పద్ధతి వాడితే ఈ బాధ లేదు. కంట్రోల్-ఎక్స్ ఎంటర్ కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కి ‘తెలుగు-ఐట్రాన్స్’ గానీ ‘తెలుగు-ఇన్‌స్క్రిప్ట్’ గానీ ఎంచుకోండి. ఆ తర్వాత తెలుగుకూ ఇంగ్లీషుకూ మారడానికి కంట్రోల్-బ్యాక్‌స్లాష్ చాలు. ఈ పద్ధతి షార్ట్‌కట్‌లో రెండో కీ నుంచి జోక్యం చేసుకోదు. అందుకే తెలుగులో ఉండగానే కంట్రోల్-సి జెడ్ కొట్టినా జెడ్ జెడ్‌గానే అందుతుంది. మన పనికి రెండు కీల షార్ట్‌కట్ ఎంచుకోవడంలో కలిసొచ్చిన లాభం ఇది.

పెట్టినా పనిచేయకపోతే

మనం ఇప్పటిదాకా కీలు పెట్టిన గ్లోబల్ పట్టిక అన్నిటికన్నా అడుగున ఉంటుంది. కీ నొక్కగానే ఎమాక్స్ ముందు మైనర్ మోడ్‌ల పట్టికలు చూస్తుంది, తర్వాత మేజర్ మోడ్‌ది, చివరికి గ్లోబల్. కాబట్టి ఒక ఫైల్లో పనిచేసే కీ ఇంకో ఫైల్లో పనిచేయకపోతే, పనిచేయని చోటే నిలబడి కంట్రోల్-హెచ్ కె అడగండి. ఎవరు అడ్డొచ్చారో పేరుతో సహా చెబుతుంది. ఒక్క మోడ్‌లోనే కీ కావాలంటే ఆ మోడ్ పట్టికలో ‘కీమ్యాప్-సెట్’తో రాయాలి. ఆర్గ్ లాంటివి ఎమాక్స్ తెరవగానే లోడ్ కావు, ఆ సమయానికి వాటి పట్టిక పుట్టే ఉండదు. అందుకని ఆ లైనును ‘విత్-ఇవాల్-ఆఫ్టర్-లోడ్’ లోపల పెట్టాలి:

(విత్-ఇవాల్-ఆఫ్టర్-లోడ్ 'ఆర్గ్
  (కీమ్యాప్-సెట్ ఆర్గ్-మోడ్-మ్యాప్ "<ఎఫ్6>" 'ఆర్గ్-టాగుల్-హెడింగ్))

పట్టిక పేరుకు ముందు కొటేషన్ గుర్తు లేదని గమనించండి. అక్కడ కావాల్సింది పేరు కాదు, పట్టికే.

ఒక్కోసారి కంట్రోల్-హెచ్ కె కూడా ఏమీ చెప్పదు. కీ నొక్కినా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ కీ ఎమాక్స్ దాకా రానే లేదన్నమాట. దారిలో డెస్క్‌టాప్ పట్టేసుకుంది. లినక్స్‌లో ఎఫ్‌సిఐటిఎక్స్ అనే ఇన్‌పుట్ ప్రోగ్రాము వాడేవాళ్లకు భాష మార్చేది కంట్రోల్-స్పేస్. ఎమాక్స్‌లో టెక్స్ట్ ఎంచుకోవడం మొదలుపెట్టేదీ అదే. తగువు తీర్చాల్సింది డెస్క్‌టాప్ సెట్టింగుల్లో.

టెర్మినల్‌లో నడిపేవాళ్లకు మరో చిక్కు. అక్కడ కంట్రోల్-ఐకి, ట్యాబ్‌కి తేడా లేదు. కంట్రోల్-ఎమ్, ఎంటర్ ఒకటే. ఆస్కీలో పెద్ద ఐ సంఖ్య 73. కంట్రోల్ నొక్కితే అందులోంచి 64 పోయి 9 మిగులుతుంది, అది ట్యాబ్ సంఖ్య. ఎమ్ 77, మిగిలేది 13, అది ఎంటర్. తీగ మీద ఒకే సంఖ్య వస్తే ఎమాక్స్ మాత్రం ఎలా విడదీస్తుంది? అందుకే టెర్మినల్ వాడేవాళ్లు కంట్రోల్-ఐకి వేరే పని పెట్టకూడదు.

లిస్ప్ రాయనివాళ్లకు

ఎఫ్3 నొక్కండి. చేయాల్సిన పని ఒక్కసారి చేతితో చేయండి, ఉదాహరణకు లైను మొదటికి వెళ్లి గీత పెట్టి కింది లైనుకు దిగండి. ఎఫ్4 నొక్కి ఆపండి. ఇక ఎఫ్4 నొక్కినప్పుడల్లా ఆ పని మళ్లీ జరుగుతుంది. దీనికి కీ పెట్టాలంటే కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-కె, ఆపైన బి, ఆపైన అంకె గానీ పెద్ద అక్షరం గానీ. అప్పటినుంచి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-కె వెనక అదే కొడితే నడుస్తుంది. శాశ్వతంగా ఉంచుకోవాలంటే బి బదులు ఎన్ కొట్టి పేరు పెట్టి, ఇనిట్ ఫైల్లో నిలబడి మెటా-ఎక్స్ ‘ఇన్సర్ట్-కెబిడి-మ్యాక్రో’ నడిపితే ఎమాక్సే లిస్ప్ లైను రాసిస్తుంది. ఆ పేరును మామూలు కమాండులాగే కీకి తగిలించుకోవచ్చు.

28వ వెర్షన్ నుంచి ఉన్న ‘రిపీట్-మోడ్’ కూడా వేసుకోండి. కిటికీ మార్చడానికి కంట్రోల్-ఎక్స్ ఓ కొట్టాక, ఆ తర్వాత ఉత్త ఓ కొడుతూ పోతే చాలు. సొంత షార్ట్‌కట్‌ల అవసరాన్ని ఇది సగానికి సగం తగ్గిస్తుందని నా అభిప్రాయం. 30వ వెర్షన్‌లో లోపలికే వచ్చిన ‘విచ్-కీ-మోడ్’ ప్రిఫిక్స్ నొక్కి ఆగితే తర్వాత ఏ కీలున్నాయో కింద చూపిస్తుంది, కొత్తవాళ్లకు బాగా పనికొస్తుంది. ఇక క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవడం ఎమాక్స్ పని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగుల్లో చేయాలి. చిటికెన వేలు నొప్పి పెట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు ఈ పని చేసుకోవాలి.

ఎప్పుడైనా మీ మార్పుల వల్ల ఎడిటర్ మొత్తం తిక్కగా ప్రవర్తిస్తే, టెర్మినల్‌లో ‘ఎమాక్స్’ అని కొట్టి, ఖాళీ వదిలి, గీత పెట్టి పెద్ద క్యూ చేర్చి నడపండి. మీ ఫైలు ఏదీ చదవకుండా ఉత్త ఎమాక్స్ తెరుచుకుంటుంది. అందులో అంతా బాగుంటే తప్పు మీ ఇనిట్ ఫైల్లోనే ఉంది. సగం లైన్లకు ముందు సెమీకోలన్ పెట్టి ఆపేసి మామూలుగా తెరవండి. తప్పు పోతే అది ఆపిన సగంలో ఉంది, పోకపోతే మిగతా సగంలో. అలా సగం సగం చేసుకుంటూ పోతే ఎంత పెద్ద ఫైలైనా కాసేపట్లో ఆ లైను దొరుకుతుంది.